ఫైండ్ దొరవారికి సఖినేటిపల్లి రేవు నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ గ్నూ ఫైండ్ దొరవారి సముఖానికి,

డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా, సఖినేటిపల్లి కాపురస్తుడైన అర్జీదారు విన్నవించుకునేది ఏమనగా:

అర్జీదారు లాప్‌టాప్ అంతర్వేది తీర్థం ఫోటోలతో, వీడియోలతో నిండిపోయింది. ఒక మెగాబైటు లోపున్న చిల్లర ఫైళ్లను ఏరి పక్కన పెడదామని లినక్స్ టెర్మినల్ తెరిచి, ఫైళ్లు వెతికిపెట్టే ఆదేశమైన తమరిని ‘-సైజ్ -1ఎం’ అని అడిగాడు. చిన్న ఫోటోలు ఫోల్డరు నిండా ఉన్నాయి. తమరు రెండు ఖాళీ ఫైళ్లు చూపించి ఊరుకున్నారు.

తమరి మాన్యువల్ తిరగేస్తే సంగతి తెలిసింది. తమరు ప్రతి ఫైలునూ ముందు పై కొలతకు పూరించి, ఆ తర్వాతే పోలుస్తారు. ఒక్క బైటున్నా అది 1ఎం. పది లక్షల బైట్లున్నా 1ఎం. ఇక ఒకటి కన్నా తక్కువంటే మిగిలేది సున్నా. అందుకే ‘-1ఎం’కు ఖాళీ ఫైళ్లే దొరుకుతాయి.

ఇది పంటు లెక్క. సఖినేటిపల్లి రేవు నుంచి వశిష్ఠ గోదావరి దాటి నర్సాపురం వెళ్లే పంటులో పదిమంది ఎక్కినా, వందమంది ఎక్కినా ఒక ట్రిప్పే. ట్రిప్పులు లెక్కపెట్టేవాడికి ఆ పద్ధతి సబబే. కానీ “ఒక పంటుకు సరిపడనంత తక్కువమంది ఎప్పుడు వెళ్లారు?” అని అడిగితే, “పంటు కదలని రోజున” అని జవాబిస్తే ఎలా?

తమరికి ఈ అలవాటు ఎక్కడిదో అర్జీదారుకు తెలియకపోలేదు. పోసిక్స్ ప్రమాణం ప్రకారం సైజు కొలత 512 బైట్ల బ్లాకు. డిస్కు మీద ఒక బైటు ఫైలయినా ఒక బ్లాకు ఆక్రమిస్తుంది కాబట్టి పైకి పూరించడం అక్కడ న్యాయమే. ఆ న్యాయాన్నే మెగాబైటుకూ గిగాబైటుకూ వర్తింపజేయడంతోనే వచ్చింది చిక్కంతా.

అక్షరాల గొడవ మరొకటి. తమరి దగ్గర ‘బి’ అంటే బైటు కాదు, బ్లాకు. బైటు కావాలంటే ‘సి’ అనాలి. ‘కె’ చిన్నబడిలో రాయాలి, ‘ఎం’, ‘జి’ పెద్దబడిలో రాయాలి. ఏ అక్షరమూ రాయకపోతే బ్లాకులే. వంద ఎంబీ దాటినవి చూపిస్తారని ‘+100’ కొడితే, 51,200 బైట్లు దాటిన ప్రతి ఫైలూ బయటికొస్తుంది. దాని పక్కనే ‘-డిలీట్’ తగిలించినవాడి గతి తమరే ఊహించుకోండి.

‘సి’ అంటే క్యారెక్టరు కాబోలనుకుని అర్జీదారు ఊరి పేరొక్కటే ఒక ఫైల్లో రాసి చూశాడు. సఖినేటిపల్లి, కంటికి ఆరక్షరాలు. ‘-సైజ్ 6సి’ అంటే దొరకలేదు, ‘36సి’ అంటే దొరికింది. యూటీఎఫ్-8లో హల్లుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు దేనికదే మూడేసి బైట్లు మరి. ఆ 36 బైట్ల ఫైలు కూడా తమరి లెక్కలో ఒక కిలోబైటే, ఒక మెగాబైటే, ఒక గిగాబైటే!

ఇదంతా మార్చలేనిదేమీ కాదు. తమరి దాయాది ఫ్రీబీఎస్‌డీ ఫైండ్, ‘-1ఎం’ అంటే 10,48,576 బైట్లకు తక్కువ ఉన్నవన్నీ నేరుగా చూపిస్తుంది. అయితే ఏళ్ల తరబడి తమరి పద్ధతినే నమ్ముకున్న స్క్రిప్టులు ఎన్నో ఉన్నాయి. ఉన్నపళంగా మార్చమని అర్జీదారు కోరడు.

కోరేది ఒక్కటే. ఎవరైనా ‘-1ఎం’ అనో ‘-1జి’ అనో కొట్టినప్పుడు, “దీనికి ఖాళీ ఫైళ్లే వస్తాయి” అని ఒక్క వాక్యం తెర మీద చూపించండి. మాన్యువల్లో ఉన్న ఆ మాటే గుమ్మం దగ్గర చెప్పండి చాలు.

అంతవరకు అర్జీదారు ‘-సైజ్ -1048576సి’ అని ఏడంకెలూ టైపు చేసుకుంటున్నాడు. ఫోటోలన్నీ దొరికాయి.

ఇట్లు,
తమరి విధేయుడు,
సఖినేటిపల్లి రేవు అర్జీదారు