కుచ్చుకొక పేరు

నేను రాసిన అబద్ధం మొత్తం పదకొండు వాక్యాలు. ఆ జిరాక్స్ కాగితం ఇప్పుడు నా దగ్గరే ఉంది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి, ఒక మూల నూనె మరక. మా కుచ్చులత్త దాన్ని రెండున్నరేళ్లు బైబిల్లో దాచుకుంది. రోజూ తీసి చూసుకుని ప్రార్థన చేసింది. చివరికి నా చేతికే ఇచ్చింది.

మాది బెంగళూరు చిక్కపేట. మా నాన్న ఇక్కడే ఒక పట్టుచీరల కొట్లో ముప్పై ఏళ్లు లెక్కలు రాశాడు. బేరం కన్నడంలో మొదలై తెలుగులో తెగే వీధులు ఇవి. కుచ్చులత్తకూ మాకూ రక్తసంబంధం లేదు. మామూలుపేట వైపు ఒక సందులో, మెట్ల కింది గదిలో ఉంటుంది. కొట్లవాళ్లు పంపే కొత్త చీరలకు ఫాల్ కుట్టడం, కొంగుకు కుచ్చులు కట్టడం ఆమె పని. కొంగు చివర వదిలేసిన పోగులను కొన్ని కొన్నిగా పాయలు తీస్తుంది. రంగు కలిసే పట్టుదారం చేర్చి మడుస్తుంది. మెడ దగ్గర జరీ దారం చుట్టి, ముడి వేసి, పంటితో బిగిస్తుంది. ఒక్కో కొంగుకు యాభైకి పైగా కుచ్చులు. ముడి బిగించేటప్పుడల్లా ఆమె పెదవులు కదులుతాయి. చిన్నప్పుడు లెక్కపెట్టుకుంటోంది అనుకునేవాణ్ణి. ఒకరోజు అడిగితే, "లెక్క కాదు నాయనా, కుచ్చుకొక పేరు" అంది. ఆమె ప్రార్థన అది.

2022 జనవరిలో నేను దక్షిణాఫ్రికా వెళ్లాను. డర్బన్‌కు ఉత్తరాన టొంగాట్ దగ్గర, చెరుకు తోటల నడుమ ఒక చిన్న బైబిల్ కాలేజీ. దాని పేరు ఇక్కడ అక్కరలేదు, తప్పు దానిది కాదు. బయల్దేరే ముందు, ఇక్కడ ఆదివారాలు మేం తెలుగువాళ్లం కూడుకునే మేడ మీది హాల్లో నా తల మీద చేతులుంచి పంపించారు. పాస్టరుగారు ఆ రోజు జాన్ రంగయ్యగారి సంగతి చెప్పారు. 1860 నుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా మనవాళ్లు కూలి ఒప్పందాల మీద నేటాల్‌కు, అంటే ఆ డర్బన్ ప్రాంతానికే, వెళ్లారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లు ఎందరో. వాళ్ల కోసం ఇక్కడి తెలుగు బాప్టిస్టులు తామే చందాలు వేసుకుని 1903లో నెల్లూరు నుంచి రంగయ్యగారిని పంపారు. కియర్స్‌నీ తేయాకు తోటల్లో ఆయన తెలుగు సంఘం మొదలుపెట్టారు, 1915లో చనిపోయేదాకా ఆ కూలీల మధ్యే ఉన్నారు. పాస్టరుగారు ఇదంతా చెబుతుంటే నేను రంగయ్యగారి పక్కన నన్ను నిలబెట్టుకుని చూసుకున్నాను. నా మతి చెడటం అక్కడ మొదలైంది.

కాలేజీలో నాకు వారానికి రెండు గంటలు పాత నిబంధన పరిచయం చెప్పమన్నారు. మిగతా పొద్దంతా స్టోరు. "మీకు లెక్కలు వచ్చట కదా" అన్నారు ప్రిన్సిపాల్‌గారు, సంతోషంగానే. మొక్కజొన్న పిండి బస్తాలు, చిక్కుడు గింజలు, గ్యాస్ సిలిండర్లు. కరెంటు ఏ గంటకు పోతుందో పలక మీద రాసి వంటగది బయట పెట్టడం. అప్పట్లో అక్కడ కోతల వేళలు ముందే ప్రకటించేవాళ్లు, వాటిని బట్టి పొయ్యి మీద ఫుతు ఎప్పుడు ఎక్కించాలో చూసుకునేవాళ్లం. ఫుతు అంటే పొడిపొడిగా వండిన మొక్కజొన్న పిండి. దాని మీద అమాసి అనే పులిసిన పాలు పోసుకుని పిల్లలు ఎంత ఇష్టంగా తింటారో! చెరుకు కోతకు ముందు తోటలకు నిప్పు పెడతారు. ఆ సాయంత్రాలు నల్లని మసి ఈకల్లా తేలి వచ్చి ఆరేసిన బట్టల మీద, తెరిచి పెట్టిన పద్దు పుస్తకం మీద వాలేది. మా నాన్న రాసిన పద్దులే ఇంత దూరం వచ్చి నేనూ రాస్తున్నానని కుమిలిపోయాను. పద్దులు రాయడానికా ప్రభువు నన్ను పిలిచింది అని రాత్రుళ్లు ఆయనతోనే వాదించాను.

ఏప్రిల్‌లో వరద వచ్చింది. ఆ వరదలో డర్బన్ చుట్టుపక్కల నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. టొంగాట్‌కు నీళ్లిచ్చే శుద్ధి కేంద్రం దెబ్బతిని, నెలల తరబడి కుళాయిల్లో చుక్క రాలేదు. ట్యాంకర్ ఎప్పుడు వస్తుందో తెలిసేది కాదు, ఒక్కోసారి తెల్లవారుజామున నాలుగింటికి హారన్ వినిపించేది. నేనూ రెండో సంవత్సరం కుర్రాడొకడూ లేచి పరుగెత్తేవాళ్లం. గొట్టం తగిలించి మా నీళ్ల ట్యాంకు నింపుకునేవాళ్లం. తెల్లవారేసరికి కొండవాలు రేకుల ఇళ్లవాళ్లు బకెట్లు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉండేవాళ్లు. ఇంటికి ఇరవై లీటర్లు అని ప్రిన్సిపాల్‌గారు నిర్ణయించారు. నేను పేర్లు రాసుకుని పోసేవాణ్ణి. ఒక ముసలమ్మ బకెట్ తల మీదికి ఎత్తుకునే ముందు రోజూ నా చేయి పట్టుకుని "సావుబోనా" అనేది. నమస్కారమే, కాని ఆ మాటకు అర్థం 'నిన్ను చూస్తున్నాం' అని ఆ కుర్రాడు చెప్పాడు.

ఇందులో ఒక్క ముక్క కూడా నేను ఇంటికి రాయలేదు.

నెలకొకసారి ప్రార్థన లేఖ పంపాలి. సంఘంలో చదువుతారు. మొదటి లేఖలో ఉన్నదున్నట్టు రాద్దామని కూర్చున్నాను. 'నలభై బస్తాలు దించాను' అని రాసి, కొట్టేశాను. సిగ్గేసింది. మేడ మీద హాల్లో నన్ను పంపినవాళ్లు ఇది వినడానికా పంపారు? ఒక శనివారం ఎవరి అంత్యక్రియలకో వెళితే నన్ను రెండు నిమిషాలు ప్రార్థన చేయమన్నారు. లేఖలో అది 'వందలాది మందికి సువార్త' అయింది. ఆదివారం సాయంత్రం ఫోన్ వచ్చింది, "మీ లేఖ చదువుతుంటే అందరం ఏడ్చామన్నా" అని. ఆ మాట నాకు తియ్యగా తగిలింది. మరుసటి లేఖకు కథ కావలసివచ్చింది.

వరద తర్వాత జూన్‌లో రాశాను ఆ పదకొండు వాక్యాలు. నాతో నీళ్లు పట్టిన ఆ కుర్రాడినే తీసుకుని, వేరే పేరు పెట్టి, తాగుబోతును చేశాను. అతను ఒక సేవకుడి కొడుకు, ఏనాడూ మందు ముట్టనివాడు. లేఖలో అతను ఒక రాత్రి సీసాతో నా గదికి వచ్చాడు, ఏడ్చాడు, మోకరించాడు, సీసా బయట పారేశాడు. మారుమనస్సు పొందాడు, శోధనలో పడకుండా ప్రార్థించండి అని ముగించాను. అబద్ధమాడిన అననీయ, సప్పీరాల సంగతి ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పినవాణ్ణే నేను. పొద్దున నాలుగింటికి లేచి నాతో నీళ్లు మోసిన బిడ్డ పరువును తీసుకెళ్లి నా గొప్పకు వాడుకున్నాను. లేఖ పంపిన మర్నాడు కూడా అతనితో కలిసి ట్యాంకర్ దగ్గర నిలబడ్డాను.

ఇంకొకటి కూడా నా తలకు తట్టలేదు, ఇప్పటికీ నన్ను కోసేది అదే. కుచ్చులత్త కొడుకు తాగుతాడు. పేటలో మూటలు మోసే పని. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ లేఖ ఎవరి చెవిన పడుతుందో ఒక్క క్షణం ఆలోచించలేదు. అత్త ఆ ఆదివారం లేఖ అడిగి తీసుకుని జిరాక్స్ తీయించుకుంది. ఆ నెల నుంచి కుచ్చుల డబ్బులో వంద రూపాయలు నా పేర కానుక వేసింది, రెండున్నరేళ్లలో ఒక్క నెలా తప్పలేదు. "ఆ పిల్లోడు మానినాడు, నువ్వు ఎందుకు మానలేవు" అని కొడుక్కి చెబుతూ వచ్చింది.

2024 డిసెంబరులో తిరిగొచ్చాను. వారం తిరక్కుండానే అత్త కొడుకు నా కోసం అవెన్యూ రోడ్డు మొగలో కాచుకుని నిలబడ్డాడు. ఆ పొద్దు తాగలేదు. భుజం మీద మూట గుడ్డ అలాగే ఉంది.

"అన్నా, ఒక మాట అడగల్ల. ఆ పిల్లోడు మొదటి వారం ఎట్ల గడిపినాడు? చేతులు వణికినాయా ఆయనకి? నిద్ర పట్టిందా? సాయంత్రం జేబులో దుడ్డు ఉంటే ఏం చేసినాడు?"

నాకు నోరు పెగల్లేదు. చివరికి, "ప్రభువే బలమిచ్చాడయ్యా" అన్నాను.

ఆయన నేల చూస్తూ కాసేపు నిలబడి, "నాకియ్యలేదే అన్నా" అని వెళ్లిపోయాడు.

మొదటి అబద్ధం నా గొప్ప కోసం చెప్పాను. ఈ రెండోదానికి దేవుడి పేరు పెట్టాను. ఆ రాత్రి అన్నం దిగలేదు. తెల్లవారి అత్త దగ్గరికి బయల్దేరి, మళ్లీ మళ్లీ అవెన్యూ రోడ్డులోనే తిరిగాను. రైస్ స్మారక మందిరం ముందు చాలాసేపు నిలబడ్డాను. బెంజమిన్ రైస్ లండన్ మిషన్ తరపున వచ్చి సుమారు యాభై ఏళ్లు ఈ ఊళ్లో పనిచేసి 1887లో చనిపోయాడు. ఆ యాభై ఏళ్లలో ఎక్కువ భాగం బడులు నడపడం, కన్నడ అచ్చు ప్రతులు దిద్దడం. చిన్నప్పటి నుంచి ఆ గోడ పక్కగా నడిచినవాణ్ణి, గుడి మీది పేరే చూశాను తప్ప ఆ పని ఎలాంటిదో ఏనాడూ అనుకోలేదు.

అత్త మెరూన్ చీర ఒళ్లో వేసుకుని కూర్చుంది. నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. ఆమె చెయ్యి ఆగింది. సగం చుట్టిన జరీ దారం వేలికి అలాగే ఉండిపోయింది.

"ఆ పిల్లోడే లేడా?"

"ఉన్నాడు అత్తా. తాగడు. ఎప్పుడూ తాగలేదు."

"మరి నేను ఇన్ని దినాలు ఎవరికి ప్రార్థన చేసినట్లు?"

జవాబు చెప్పలేకపోయాను. ఆమె తిట్టలేదు. కళ్లొత్తుకుని చాలాసేపటికి, "అక్కడ నువ్వు నిజంగా ఏం చేసినావు?" అని అడిగింది. బస్తాలు చెప్పాను, కరెంటు పలక చెప్పాను, నీళ్లు చెప్పాను. ఇంటికి ఇరవై లీటర్లు అన్న దగ్గర ఆపి, "పిల్లలున్న ఇంటికి కూడా అంతేనా?" అంది. అంతే అన్నాను. "చాలదు కదా" అంది, ఆ నీళ్లు తన వీధిలోనే పోసినట్టు. ముసలమ్మ సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. "ఇది ఎందుకు రాయలేదు నాయనా? నాకు ఇదే కదా కావలసింది" అంది. తర్వాత బైబిల్లోంచి కాగితం తీసి నాకిచ్చి, ఆ కుర్రాడి అసలు పేరు అడిగింది. జూలూ పేరు, నోరు తిరగలేదు. మూడోసారికి సరిగ్గా అని, ఆగిపోయిన ముడి బిగించింది.

మరుసటి ఆదివారం సంఘంలో లేచి ఒప్పుకున్నాను. కొందరు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు, వాళ్లది తప్పనను. ఆ కుర్రాడికి అంతా రాసి క్షమాపణ అడిగాను. ఇంకా జవాబు లేదు.

అత్త కొడుక్కి కూడా అవెన్యూ రోడ్డు మొగలోనే నిలబడి చెప్పాను. "అట్లనా" అన్నాడు, అంతే. ఎప్పటినుంచో బాగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు, డాక్టరు చూడాలి అని నేను తర్వాత తెలుసుకున్నాను. నా కథ నమ్మి ఆయన సీసా ఒక్క రాత్రిలో పారేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. నిమ్హాన్స్ ఆసుపత్రిలో తాగుడు మాన్పించే విభాగం ఉంది. పొద్దున్నే వెళ్లి చీటీ రాయించి, వరసలో కూర్చోబెట్టాను. రెండుసార్లు వచ్చాడు. మూడోసారి నేను సందు చివర గంటసేపు నిలబడ్డాను, రాలేదు. శుక్రవారం మళ్లీ వెళ్లి పిలుస్తాను.