మా సంచిలో బాంబులున్నాయి

మా ఇంట్లో స్నానాల తొట్టి లేదు. మా వీధిలోనే లేదు. జగదల్‌పూర్‌లో మాకున్నదల్లా గచ్చు మీద ఒక ప్లాస్టిక్ బకెట్, ఒక చెంబు. అయినా శ్రావణమాసంలో నేను పనిగట్టుకుని పిల్లలచేత చేయించింది బాత్ బాంబులు. కోంటాలో ఉన్న మా అమ్మకు రాఖీ పండక్కి కానుక.

1989లో మో కాన్‌స్టాంటిన్ అనే ఆవిడ ఇంగ్లండులో తన షెడ్డులో కూర్చుని వీటిని కనిపెట్టింది. నీళ్లలో బుసబుసా పొంగే కడుపుబ్బరం మాత్రను చూసి వచ్చిన ఆలోచనట. ఆవిడకు తొట్టి ఉండే ఉంటుంది.

రెండు పాళ్లు తినే సోడా, ఒక పాలు నిమ్మ ఉప్పు, చిటికెడు పసుపు. ముద్ద కట్టడానికి సంతలో కొన్న టోరా తేల్, అంటే మన ఇప్పగింజల నూనె. పిల్లలు సున్నుండలు చుట్టినట్టు చుట్టారు. తడి తగలకూడదని చెప్పాను. చిన్నది అప్పుడే చేతులు కడుక్కొచ్చింది, దాని అరచేతిలోనే ఉండ చుయ్యిమంది. మిగతావి ఆరబెట్టాను. బస్తర్ శ్రావణంలో డబ్బాలో ఉప్పే నీరుగారిపోతుంటే, ఇవి ఆరతాయని ఎలా అనుకున్నానో! తెల్లారేసరికి సగం పగిలి, నానిన వడల్లా ఉబ్బి ఉన్నాయి. బాగున్నవి తొమ్మిదే. వాటిని సాల ఆకు దొన్నెల్లో పెట్టి, బిస్కెట్ల డబ్బాలో సర్దాం. మూత మీద పెద్దాడు స్కెచ్ పెన్నుతో రాశాడు: ‘అమ్మమ్మకు బాంబులు’. వాడి చేతిరాత బాగుందని మెచ్చుకున్నాను కూడా.

కోంటా బస్సు 30వ నంబరు జాతీయ రహదారి మీద దర్భా దాటి వెళ్తుంది. 2013 మే 25న ఝీరం లోయలో కాంగ్రెస్ నేతల కాన్వాయ్ మీద జరిగిన దాడి ఈ దారిలోనే. ఆ సంగతి బస్సులో తెలియనివాళ్లుండరు. నాకూ తెలుసు.

తనిఖీ దగ్గర జవాను సంచి తడిమి, “ఇస్ మే క్యా హై?” అన్నాడు.

“బమ్ హై అంకుల్! నౌ హై!” అంది చిన్నది, లెక్క తప్పకుండా.

నాకు నవ్వొచ్చింది. ఆ బస్సులో నవ్వింది నేనొక్కదాన్నే.

అందర్నీ వానలోకి దింపారు. డబ్బాను దూరంగా రోడ్డు పక్కన పెట్టించారు. ఒక ముసలామె గంపలో కోళ్లు తడవకుండా కొంగు కప్పుతూ నాకేసి చూసి గోండిలో ఏదో అంది. అర్థం కాకపోవడం నా అదృష్టం. నేను నత్తినత్తిగా సోడా అనీ, నిమ్మ ఉప్పు అనీ చెబుతున్నాను. చాలాసేపటికి మూత తీశారు. ఒకతను ఒక ఉండ మీద సీసాలో నీళ్లు పోశాడు. అది బుస్సుమంది. చటుక్కున అడుగు వెనక్కి వేసి, మళ్లీ వంగి వాసన చూశాడు.

“ఈనో?” అన్నాడు.

కోంటాలో అమ్మ ఒక ఉండను బకెట్లో వేసి, నురగ అణిగేదాకా చూసింది. “ఇది తాగాలా, పూసుకోవాలా?” అంది. సాయంత్రానికి మిగతా ఏడూ పెరట్లో అంట్ల దగ్గరికి చేరాయి. ఇత్తడి చెంబు తళతళలాడుతోంది.

“పోన్లే, చింతపండు కలిసొచ్చింది” అంది.