నాకు తెలుగు రాదు

ఒక అబద్ధం చెప్పేముందు దాన్ని ఎన్నాళ్లు మొయ్యాలో చూసుకోవాలన్న ఇంగితం పద్నాలుగేళ్లవాడికి ఉండదు. నాకైతే బొత్తిగా లేదు. మార్కుల గురించో, పగిలిన అద్దం గురించో అయితే ఒకసారి చెప్పేసి మర్చిపోవచ్చు. నేను చెప్పింది పొద్దున పళ్లు తోముకున్నప్పటి నుంచి రాత్రి దుప్పటి కప్పుకునేదాకా కాపలా కాయాల్సిన అబద్ధం. నాకు తెలుగు రాదన్నాను. అదీ ఎక్కడ? మదనపల్లె దగ్గర.

2010 సంగతి ఇది. నేను పుట్టి పెరిగింది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. అమ్మానాన్నలది తెనాలి. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో భాష చెల్లేది కాదు. ఇంగ్లీషులో అడిగితే అమ్మ పాలగ్లాసు కూడా అందించేది కాదు. సిలికానాంధ్ర వాళ్లు 2007లో తెలుగు నేర్పే మనబడి మొదలుపెట్టాక నా వారాంతాలు దానికే పోయాయి. ఉగాదికి పంచె కట్టుకుని స్టేజీ ఎక్కి వేమన పద్యాలు అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. ఆ వీడియో ఇప్పటికీ మా బంధువుల ఫోన్లలో భద్రంగా ఉంది, పెళ్లిళ్లకి బయటికొస్తుంది.

నన్ను ఇండియా పంపాలన్నది నాన్న పట్టుదల. హైస్కూల్లో చేరితే పిల్లాడు చెయ్యిదాటిపోతాడని ఆయన భయం. ఎడిసన్‌లో ఆ భయం లేని తెలుగు తండ్రిని నేను చూడలేదు, కాకపోతే మిగతావాళ్లు బేస్‌మెంట్లలో పేకాడుతూ చెప్పుకుని ఊరుకునేవారు. మా నాన్న టికెట్ కొన్నాడు. బెంగళూరులో దిగి చింతామణి మీదుగా కారులో వెళ్తున్నంతసేపూ మదనపల్లె గొప్పదనం వినిపించాడు: 1895లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు, 1919లో టాగోర్ బీసెంటు కాలేజీలో దిగి మన జనగణమనని ఇంగ్లీషులోకి మార్చిన ఊరు. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీలోంచి బండరాళ్లు చూస్తున్నాను. ఇంతేసి రాళ్లు ఒకదానిమీద ఒకటి ఎవరు పేర్చారా అని మాత్రం అనుకున్నట్టు గుర్తు.

హాస్టల్ గదిలో అడుగుపెట్టి, ఎదురొచ్చిన కుర్రాళ్లని నిజాయితీగానే అడిగాను, "నా పెట్టె ఎక్కడ పెట్టాలి?" అని. మనబడిలో ఆ వాక్యానికి వంక పెట్టినవాళ్లు లేరు. ఇక్కడ మాత్రం గదంతా గొల్లుమంది. నా నాలుక ఎక్కడ తిరగాలో అక్కడ తిరగలేదట. హైదరాబాద్ కుర్రాడొకడు ఆ వాక్యాన్ని నా గొంతుతోనే తిరిగి అప్పజెప్పాడు, వాడి మిమిక్రీ ఎంత బావుందంటే నాకే నవ్వొచ్చేది, ఏడుపు రాకుండా ఉంటే. సరిగ్గా అప్పుడే వార్డెన్ సార్ వచ్చి తెలుగు వచ్చా అని అడిగారు. "నో సర్, నాట్ రియల్లీ" అన్నాను. పెట్టె గురించి అడిగిన ఆ ఒక్క తెలుగు ముక్క విమానంలో బట్టీపట్టి ఉంటాడని కుర్రాళ్లు అనుకున్నారు. నేను కాదనలేదు.

మర్నాటికల్లా చెప్పేసి ఉంటే నవ్వుకుని మర్చిపోయేవాళ్లు. కానీ అబద్ధానికి అప్పుడే లాభాలు మొదలయ్యాయి. తెలుగు క్లాసు తప్పింది. ఆ గంట లైబ్రరీలో కూర్చోమన్నారు. అమెరికావాడన్న హోదా దక్కింది. బళ్లో వేరే దేశాల పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. వీసా మీద వచ్చారు కాబట్టి రెండు వారాల్లోగా విదేశీయుల రిజిస్ట్రేషన్‌కి కాగితాలు పట్టుకుని తిరగాల్సి వచ్చింది వాళ్లకి. నాకు ఓసీఐ కార్డుంది, ఆ బెడద లేదు. భారత ప్రభుత్వం నన్ను ఇంటివాడిలాగే చూసింది. నేనే పరాయివాడి వేషం కట్టి కూర్చున్నాను.

ఆ వేషం ఎంత కష్టమో కట్టినవాడికే తెలుస్తుంది. తిట్టినా కోపం ఓర్చుకోవచ్చు, నవ్వు ఓర్చుకోవడం మాత్రం నా వల్ల అయ్యేది కాదు. శనివారం రాత్రి హాల్లో సినిమా వేసేవారు. తెర మీద బ్రహ్మానందం కనబడగానే నేను బుగ్గ లోపల కొరుక్కునేవాణ్ణి. తర్వాత ఒక ఉపాయం దొరికింది. అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆగి, చుట్టూ చూసి, వాళ్ల నవ్వు చూసి నవ్వుతున్నట్టు నవ్వడం. దానికి చాలా సాధన చేశాను. అదే శ్రద్ధ లెక్కల మీద పెట్టి ఉంటే నాన్న ఖర్చు గిట్టుబాటయ్యేది.

లైబ్రరీ కిటికీ పక్కనే తెలుగు క్లాసు. వాళ్లు తడబడుతూ చదువుతున్న వేమన పద్యం నాకు కంఠతా వచ్చు. ఒకడు ప్రతిసారీ మూడో పాదం దగ్గరే ఆగిపోయేవాడు. నాకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టుండేది.

ఆదివారం వార్డెన్ గదిలో ఫోను. వెనక కుర్రాళ్ల వరస. తెనాలి నుంచి అమ్మమ్మ. "ఏం కన్నా, అన్నం తిన్నావా?" అనేది. నేను "యెస్, ఐ హాడ్ లంచ్" అనేవాణ్ణి. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. అవతల కాసేపు ఏమీ వినబడేది కాదు. "చిక్కిపోయావా?" అనేది మళ్లీ. "ఐ యామ్ ఫైన్, అమ్మమ్మా." ఆ చివరి మాట ఒక్కటే ఆమెకి అందేది. ఆ ఫోనులో కూడా నేను వేషం వదల్లేదు. అమెరికాలో పద్నాలుగేళ్లు నిలిచిన తెలుగు మదనపల్లె వెళ్లి ఎలా పోయిందో అర్థం కాక ఆమె అమ్మకి ఫోన్ చేసి ఏడ్చిందని నాకు చాలా తర్వాత తెలిసింది. నా తెలివితక్కువతనాల్లో మిగతావన్నీ చెప్పి నవ్వించగలను గానీ ఇది చెప్పలేను.

మెస్సులో వడ్డించే అక్క ఒకామె ఉండేది. నాకు తెలుగు రాదని ఆమెకి ముందే చెప్పారు. ఎన్ని చపాతీలో వేళ్లు చూపించి అడిగేది. మిగతావాళ్లతో మాత్రం నా ఎదురుగానే నా గురించి మాట్లాడేది. "ఈ పిల్లోడికి నోరు లేదు పాపం. ఉత్త పెరుగన్నం తింటే బలం యాడొస్తాది? సంగటి ముద్ద ఒకటి తినొచ్చు గదా." మర్నాడు నేను సంగటి వైపు వేలు చూపించి పెట్టించుకున్నాను, ఊరిబిండితో. రుచి చూశాక ఇంటినుంచి తెచ్చుకున్న పీనట్ బటర్ డబ్బా మూత మళ్లీ తియ్యలేదు. "ఎండలో ఆడతాడు, నెత్తిన టోపీ ఉండదు" అనేది. నేను టోపీ పెట్టుకునేవాణ్ణి. ఎవరికీ తెలియకుండా అన్నీ వినేస్తున్న గూఢచారినని నా మురిపెం.

అక్కడ టమాటా లేని పూట ఉండదు. మదనపల్లె మార్కెట్ అంటేనే టమాటా. పప్పులో ఉడికి గొట్టంలా చుట్టుకుపోయిన టమాటా తొక్కలంటే నాకు అసహ్యం. ఒక్కొక్కటీ చెంచాతో ఏరి పళ్లెం అంచున వరసగా పేర్చేవాణ్ణి. ఒక మధ్యాహ్నం అక్క పక్కామెతో అంది: "చూసినావా, ఎట్ల ఏరి పెడతా ఉండాడో. రాత్రి రెండింటికి కరెంటిస్తే మా ఇంటాయన లేసిపోయి నీళ్లు కట్టిన కాయలవి. ఆ చీకట్లో పాముండాదా, పురుగుండాదా?" సేద్యానికి ఉచిత కరెంటు 2004లో మొదలైంది, రోజుకి ఏడు గంటలు. ఆ గంటలు ఎప్పుడు వస్తాయో దాన్నిబట్టి రైతు నిద్ర. ఇవన్నీ నేను ఏ పాఠంలోనూ చదవలేదు, ఆ మెస్సులో పళ్లెం ముందు కూర్చునే విన్నాను. విని, తల ఎత్తకుండా, తొక్కలన్నీ మళ్లీ అన్నంలో కలుపుకుని తినేశాను. నా మంచితనం నాకే గొప్పగా తోచింది.

ఆ నెలలోనే ఊళ్లోకి బస్సులో వెళ్తుంటే రోడ్డు పక్కన టమాటాలు కుప్పలుగా పారబోసి ఉన్నాయి, ఆవులు మూతులు ఎర్రగా చేసుకుని తింటున్నాయి. క్రేటు అమ్మితే కోసిన కూలి కూడా రావడం లేదని డ్రైవరు క్లీనరుతో చెబుతున్నాడు. 2023 వేసవి తర్వాత అదే మార్కెట్లో కిలో రెండొందల దాకా పోయిందని వార్త చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అక్క వాళ్ల పొలమే. ఆ యేడు వాళ్లు టమాటా వేశారో లేదో.

నా గదిలో అనంతపురం వాడు ఉండేవాడు. మా మంచాలు పక్కపక్కనే. నాతో ఇంగ్లీషులో మాట్లాడేవాడు, దానికోసం ముందుగా వాక్యం తయారు చేసుకునేవాడని పెదాలు చూస్తే తెలిసేది. నాకోసం ఆ కష్టం పడేవాడు. ఒక రాత్రి ఇంకో స్నేహితుడు వాడి మంచం మీద కూర్చున్నాడు. అనంతపురం వాడు గొంతు తగ్గించి తెలుగులో చెప్పాడు: నాన్న బోర్ల మీద బోర్లు వేయించాడని, దేంట్లోనూ నీళ్లు పడలేదని, అమ్మ బంగారం బ్యాంకులో ఉందని, వచ్చే యేడు తనని బళ్లో ఉంచుతారో లేదో తెలియదని. చెబుతూ ఏడ్చాడు. స్నేహితుడు నావైపు సైగ చేస్తే, "వానికేం అర్థమైతాదిలే" అన్నాడు. నేను కళ్లు మూసుకుని నిద్రపోతున్నవాడిలా ఊపిరి తీశాను. అప్పుడు లేచి గదిలోంచి వెళ్లిపోయినా కొంత మర్యాదగా ఉండేది.

అమ్మమ్మ ఆగలేక బయల్దేరి వచ్చేసింది. తెనాలిలో రాత్రి రైలెక్కి తిరుపతిలో దిగి, అక్కడినుంచి బస్సులో పీలేరు మీదుగా మదనపల్లె, ఆటోలో మా బడి. సంచిలో సున్నుండల డబ్బా. మధ్యాహ్నం మెస్సులో మా బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. అనంతపురం వాడు ఎదురుగా ఉన్నాడు.

"ఏరా, ఇక్కడన్నా నాతో తెలుగులో మాట్లాడతావా, ఈ వయసులో నన్నే ఏబీసీడీలు దిద్దమంటావా?" అంది అమ్మమ్మ.

నేను నీళ్లు నమిలాను. ఈలోగా అక్క పప్పు గిన్నెతో వచ్చింది. "మాట్లాడకుంటే ఏమ్మా, అన్నీ ఇంటాడు మీ మనవడు. టోపీ అంటే టోపీ పెట్టుకున్నాడు, సంగటి అంటే సంగటి తిన్నాడు. శానా మంచోడు" అంది.

బల్ల చుట్టూ చెంచాల చప్పుడు ఆగింది. తెలుగు రానివాడు ఎలా వింటాడని ఎవరో అడిగారు. అక్క పకపకా నవ్వింది. "వచ్చిన వారంలోనే చెయ్యి మీద సాంబారు పడితే 'అమ్మో, కాలిందే' అని అరిచినాడు గదప్పా. తెలుగు రానోళ్లు అట్ల అరస్తారా?"

అంటే ఆమెకి మొదటి వారం నుంచీ తెలుసు. పక్కామెతో అన్నట్టు అన్నవన్నీ నాతో అన్నవే. నేను చాటుగా విన్నానని మురిసిన ప్రతి మాటా ఆమె నా చెవిలో వెయ్యాలని వేసిందే. అమ్మమ్మ మాత్రం నన్ను ఏమీ అనలేదు. అక్క చేయి పట్టుకుని మా ఇంటి సంగతులన్నీ మొదలుపెట్టింది, వాళ్లిద్దరి భోజనాలూ అయ్యేసరికి పొద్దు వాలింది.

మిగతా కుర్రాళ్లు కొన్నాళ్లు నన్ను 'నోరులేనోడు' అని పిలిచి విసుగొచ్చి మానేశారు. తెలుగు క్లాసులో వేశారు. మూడో పాదం దగ్గర ఆగిపోయే కుర్రాడి పక్కనే నా సీటు. అనంతపురం వాడు మాత్రం ఆ రోజు సగం అన్నంలోనే పళ్లెం తీసుకుని లేచిపోయాడు, సాయంత్రానికి పరుపు చుట్టుకుని వేరే గదికి మారాడు. క్షమించమని అడగడానికి రెండు భాషల్లోనూ వాక్యాలు తయారు చేసుకుని వాడి గది దాకా వెళ్లి తిరిగొచ్చేవాణ్ణి.

వాడి చదువు ఆగలేదు. బడివాళ్లు ఫీజు తగ్గించారని విన్నాను, వాడినైతే అడగలేదు. పదో తరగతి పరీక్షలయ్యాక కొండమీద బండల దగ్గరికి అందరం వెళ్లాం. మిగతావాళ్లు పైకెక్కుతుంటే వాడు వెనకబడి నా పక్కన నడిచాడు.

"ఆ రాత్రి అంతా విన్నావు గదా?" అన్నాడు.

"విన్నాను."

"ఎవరికన్నా చెప్పినావా?"

"లేదు. ఒక్కరికి కూడా."

వాడు ఆగి నా ముఖంలోకి చూశాడు. "ఎందుకు చెప్పలేదు?"

స్నేహితుడి రహస్యం కాబట్టి అనొచ్చు. మనసు ఒప్పుకోలేదు అనొచ్చు. వాడు అలాంటిదేదో వినడానికే అడిగాడని కూడా తెలుస్తూనే ఉంది.

"చెబితే నాకు తెలుగొచ్చని తెలిసిపోతుంది కదరా" అన్నాను.

వాడు కాసేపు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "థూ, నీ యబ్బ" అన్నాడు చివరికి. "ఇప్పుడన్నా ఒక అబద్ధం చెప్పింటే బాగుండు గదరా!"