చెంబెడు వ్యర్థము

అణువిద్యుత్తునకు సంబంధించిన శాంతి చట్టము వచ్చినది మొదలు వనపర్తిలో చాయ్ దుకాణము ముందు నిలిచినవాడెల్ల అణుశాస్త్రవేత్తయే. 2047 నాటికి లక్ష మెగావాట్లు అను మాట మొన్నటివరకు బడ్జెటు ప్రసంగములో ఒద్దికగా కూర్చుండెను. నేడది పెండ్లి పందిళ్లలో, హైదరాబాదు బస్సులలో, తెల్లవారకమునుపే వచ్చిపడు వాట్సాప్ సందేశములలో యథేచ్ఛగా విహరించుచున్నది. విహరింపనిండు. యాసంగిలో మోటరు ఆగి మడి నెర్రెలిచ్చుట చూచిన పాలమూరువానికి కరెంటు చేదగునా? నా తగవంతయు చెంబుతోడనే.

ఒక మనిషి పుట్టినది మొదలు గిట్టువరకు వాడుకొను విద్యుత్తునంతయు అణురియాక్టరులందే పుట్టించినను, తుదకు మిగులు వ్యర్థము ఒక శీతలపానీయపు డబ్బాలో ఇముడునట! పరసీమలో పుట్టిన యీ డబ్బా మన జిల్లాలకు దిగుసరికి చెంబైనది. ఇటీవల నొక సభలో వక్త యొకడు, బల్లమీది మంచినీళ్ల స్టీలు చెంబును రెండు చేతులతో పైకెత్తి, కుడివైపు వారికొకమారు ఎడమవైపు వారికొకమారు త్రిప్పి చూపి, "ఇంతే, ఇంతే" యని మురిసి, పిదప ఆ చెంబులోని నీళ్లనే గటగట త్రాగి కూర్చుండెను. చప్పట్లు మ్రోగినవి. నా ప్రక్కనున్న వృద్ధరైతు మాత్రము చేతులు కదపక, "గా చెంబు ఎవని ఇంట్ల పెడ్తరు సారూ?" అని నన్నడిగెను. అడుగవలసినది నన్ను గాదు.

సరే, చెంబునే తీసికొందము. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల జనము 2011 లెక్కలను బట్టి చూచినను 20 లక్షలకు పైమాట. అనగా 20 లక్షల చెంబులు. వక్తగారు ఒకటి యెత్తి చూపిరి; తక్కినవి గద్వాల కోటలో పేర్చవలెనో, జూరాల కట్టపై బారులు తీర్చవలెనో సెలవీయలేదు.

పేర్చుటకైనను అవి వివాహములలో చదివించు చెంబులా? మన హైదరాబాదులో 1971లో వెలసిన అణు ఇంధన కర్మాగారము ఎన్.ఎఫ్.సి. భారజల రియాక్టరుల కొరకు చేయు ఇంధనపు కట్ట అర మీటరు పొడవుండును. చిన్న రియాక్టరులకైనచో పందొమ్మిది సన్నని గొట్టముల కూర్పు. బయలుదేరునాడు దానిని మనిషి చేతులతో ఎత్తవచ్చును. ఆ కట్టయే రియాక్టరులో తన కాలము గడపి వెలుపలికి వచ్చునాడు, కవచము లేక చెంత నిలిచినవానికి కొలది నిమిషములలోనే మరణశాసనము వ్రాయును. దానిని లోతైన నీటికొలనులో ముంచి యేండ్ల తరబడి చల్లార్చవలె. ఆ నీరు వేడెక్కి తరిగిపోకుండ అహోరాత్రములు పంపులు తిరుగుచుండవలె. చల్లారిన పిమ్మట ఉక్కుతోను కాంక్రీటుతోను పోతపోసిన పీపాలో బంధింపవలె. నిండిన పెద్దపీపా 100 టన్నులకు పైబడి తూగును. కొలను, పంపు, పీపా, కావలివాడు, ఆ కావలివాని మనుమని మనుమడు—వీరెవ్వరును చెంబు లెక్కలో లేరు.

ఇంతలో ఇంకొక చమత్కారము. డబ్బా గణితము సంపన్నీకరించిన యురేనియమును మండించు పరదేశపు రియాక్టరులది. వారు టన్ను ఇంధనమునుండి 45,000 మెగావాట్-దినముల ప్రాంతములో వేడిని పిండుదురు. మన రియాక్టరులలో హెచ్చుభాగము సహజ యురేనియముతో నడచునవి. వీనికి టన్నుకు 7,000 ప్రాంతములో వచ్చిన మహాభాగ్యము. కావున అదే కరెంటుకు మన చెంబు ఆరేడు రెట్లు ఉబ్బి బిందె కావలె. బిందెను ఒంటిచేత నెత్తి చూపుట కష్టమని కాబోలు, వక్తలు దానిని వేదికపైకి తేరు.

మరి చెంబులోనికి వచ్చుటకు ముందటి కథయో? కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో ముడిరాతియందు యురేనియము నూటికి 0.04 వంతు మాత్రమే. కిలో యురేనియమునకు రెండున్నర టన్నుల రాయి త్రవ్వి, పిండిచేసి, రసాయనములతో కడిగి, మిగిలిన బురదను టైలింగ్ పాండులో పోయవలె. లీటరు చెంబునిండ యురేనియం ఆక్సైడును దట్టించిన, దాని వెనుక 20 టన్నులకు మించిన బురద నిలిచియుండును. ఆ బురదచెరువు చెంతనున్న కె.కె.కొట్టాల, కనంపల్లి రైతులు బోరునీళ్లు చెడినవని, అరటితోటలు పాడైనవని యేండ్లుగా మొరపెట్టుకొనుచున్నారు. వారి యెదుటికి పోయి చెంబెత్తిన ధీరుని నేనింకను చూడలేదు.

రవాణా మాటకు వత్తము. పీపాను తొమ్మిది మీటర్ల ఎత్తునుండి కఠినతలముపై పడవేయుదురు, ఉక్కుశూలముపై మోదుదురు, 800 డిగ్రీల మంటలో అరగంట కాల్చుదురు, నీటముంచి చూతురు. 1984లో ఆంగ్లేయులు గంటకు 160 కిలోమీటర్ల వేగముతో రైలింజనును తెచ్చి గ్రుద్దించిరి, పీపా చెక్కుచెదరలేదు. నమ్మితిని. ఆ పీపాను పోతపోసినవారికి నా నమస్కారము. పెట్టె యున్నది, బండి యున్నది, దిగవలసిన ఊరే లేదు!

వాడిన ఇంధనము వ్యర్థమే కాదు, సంపద యనువారు కలరు. ట్రాంబేలో 1964లో మొదలిడి ఆ సంపదను వేరుచేయుచునే యున్నాము. వేరుచేయగా మిగిలిన ద్రవమును గాజుగా మార్చి దాచుచునే యున్నాము. ఆ గాజునకును తుదిమజిలీ లేదు. 2013 మేలో కూడంకుళము అణువిద్యుత్కేంద్రపు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, రియాక్టరుకు వెలుపల ఇంధనమును నిలువచేయు వసతిని 5 ఏండ్లలో కట్టుడనియు, శాశ్వత భూగర్భ నిక్షేపమునకు సత్వరము పూనుకొనుడనియు ఆదేశించెను. ఏండ్లు తీరినవి, 2018లో గడువు పొడిగింపుడని అణువిద్యుత్ సంస్థవారు మరల అదే కోర్టు మెట్లెక్కిరి. అంతకుముందు 2012 నవంబరులో అట్టి నిక్షేపమునకు కోలారు బంగారుగనుల పేరు బయటపడగా, వీధివీధిన తెలుగు వినవచ్చు ఆ జిల్లా భగ్గుమనెను. పెద్దలు అట్టి ఆలోచనయే లేదని చేతులు దులుపుకొనిరి. ముందు పొయ్యి, పిదప బూడిదకు చోటు అను ఈ క్రమము ఏ శాస్త్రములోనిది? కొత్త కంపెనీలకు తలుపులు బార్లా తెరచినవారు ఈ యొక్క ప్రశ్నకు జవాబు చెప్పి తెరచియుండరాదా?

పూడ్చుటకైనను త్రవ్వుటకైనను చోటు వెదుకునప్పుడు మాత్రము వీరి వ్రేలు ఎటు చూపునో మాకు తెలియును. 2019 మే నెలలో నల్లమలలోని అమ్రాబాదు పులుల అభయారణ్యములో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము వెదకుటకు కేంద్ర అటవీ సలహా సంఘము సూత్రప్రాయముగా తలయూపెను. 4,000 బోర్ల ప్రతిపాదన! పులికి భంగమగునని చెంచులను మైదానమునకు దిగిపొండని యేండ్ల తరబడి నచ్చజెప్పినది ఈ అడవిలోనే. తేనెపట్టుకు పొగపెట్టిన చెంచువాడు పులికి శత్రువు; కొండ గుండెలో బోరు దింపు యంత్రము పులికి చుట్టమా? రాత్రివేళ శ్రీశైలము బస్సు హారను మ్రోగిన జంతువులు బెదరునని మన్ననూరు గేటు మూయుదురే, ఆ డ్రిల్లింగు మోతకు జంతువులు జోకొట్టినట్లు నిదురించునని తలచిరా? సిగ్గు లేకుండ కాగితము పెట్టిరి, సిగ్గు లేకుండ సరేయనిరి. మన్ననూరు, అమ్రాబాదు, పదర జనము రోడ్డెక్కి, సినిమావారి వరకు ఆ కేక వినబడిన తరువాతనే 2019 సెప్టెంబరులో శాసనసభ వద్దని తీర్మానించినది. ఆ తీర్మానము కాగితముననే యున్నది. రాయి నల్లమల కడుపుననే యున్నది. లక్ష మెగావాట్ల ఆకలి యొక్కటే కొత్తది.

ఫిన్లండును చూడుడని నాకు బుద్ధి చెప్పువారు కలరు. చూచితిని. వారు 400 మీటర్లకు పైగా శిలను తొలిచి ఓంకలో అను నిక్షేపమును కట్టిరి. అయితే అచ్చటి చట్టము చొప్పున ఊరు వద్దన్నచో పార్లమెంటు కూడ ముందుకు పోజాలదు. 2000లో యూరయోకి పురపాలకసభ ఓటువేసి ఒప్పుకొనిన పిమ్మటనే 2001లో పార్లమెంటు ఆమోదించినది. ఆ సొరంగపు ఛాయాచిత్రములు నాకు పంపుచున్న మిత్రులు ఆ ఓటుహక్కును పదర గ్రామసభకును, అప్పాపూరు పెంట యను గూడెములోని చెంచులకును ఇప్పించినచో, ఆ వక్తగారిని అచ్చటికి నేనే పిలిపించెదను. వేదిక, మైకు, రానుపోను ఖర్చులు నావి.