కోటు విప్పకుండా దారి మారండి: లాయర్లకు తలకిందుల సలహాలు

ప్రొద్దుటూరు కోర్టు దగ్గర మధ్యాహ్నం టీ తాగేటప్పుడు కుర్ర లాయర్లు నన్ను పక్కకు పిలిచి అడిగే మాట ఒకటే. "అన్నా, ఈ వాయిదాల బతుకు ఇంక నా వల్ల కాదు. ఏఐ నేర్చుకుని అటు పోదామనుకుంటున్నా. యాడ చేరాల?" నేను చెప్పేది విని వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లు తల పట్టుకుంటారు. కోర్సులో చేరొద్దంటాను. పైథాన్ ముందు ముట్టుకోవద్దంటాను. హైదరాబాదు పోవద్దంటాను. ఊరంతా చెప్పేదానికి ఇవి తలకిందులని నాకు తెలుసు. ఊరంతా చెప్పిన దారిలో ఒకసారి నడిచొచ్చాను కాబట్టే ఇవి చెబుతున్నాను.

తొమ్మిదేళ్లు ప్రాక్టీసు చేశాక, నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి నగరంలో ఒక శిక్షణ సంస్థలో చేరాను. ఆరు నెలల్లో సర్టిఫికెట్టు చేతికొచ్చింది. దాన్ని పట్టుకుని ఇరవై రెండేళ్ల ఇంజినీరింగు పిల్లల వెనక వరుసలో నిలబడ్డాను. వాళ్లకు వచ్చినదాంట్లో నాకు సగమే వచ్చు. వాళ్లకు రాక, నాకు మాత్రమే వచ్చినదాన్ని కోర్టులోనే వదిలేసి వచ్చాను. ఈ సలహాలు ఆ వరుసలో పుట్టాయి.

1. కోర్సులో చేరకండి, పాత కట్టలు దించండి

మీ సీనియరు బీరువా పైన దుమ్ము పట్టిన కట్టలుంటాయి. వాటిలో ముగిసిపోయిన చెక్ బౌన్సు కేసులు వంద ఏరండి. బంగారం, బట్టల వ్యాపారం సాగే ప్రొద్దుటూరులో వాటికి కొదవ లేదు. ఒక్కో కేసుకు ఒక్కో వరుస చొప్పున పట్టిక గీయండి: చెక్కు తేదీ, బ్యాంకు వాపసు చేసిన తేదీ, నోటీసు పంపిన తేదీ, అది అందిన తేదీ, ఫిర్యాదు దాఖలు తేదీ, తీర్పు తేదీ, ఫలితం. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను గడువులు మీకు నోటికి వచ్చు. బ్యాంకు నుంచి కబురు తెలిసిన 30 రోజుల్లో నోటీసు, అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు, అది దాటితే ఫిర్యాదుకు ఒక నెల. ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసేయండి. ఏ కేసు గడువులో ఓడింది, ఏది వాయిదాల్లో నలిగింది, ఏది రాజీకి వచ్చింది అన్నది మీ కళ్ల ముందు విడిపోతుంది.

డేటా సైన్సు అంటే మొదట ఇదే. ఏ గడి ముఖ్యమో తెలియడం అందులో సగం పని. ఆ సగం మీకు ముందే వచ్చు.

ఒక్క హెచ్చరిక. పట్టికలో కక్షిదారు పేరు రాయకండి, నంబరు వేయండి. ఆ కాగితాలను ఏ చాట్‌బాట్‌లోకీ ఎక్కించకండి. కక్షిదారు నమ్మి చెప్పింది బయటపెట్టకూడదన్న నియమం సాక్ష్య చట్టంలో 126గా ఉండేది, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 132గా ఉంది. సెక్షను నంబరు మారింది గానీ మీ బాధ్యత మారలేదు.

2. పైథాన్ తర్వాత, ఇంటర్ లెక్కలు ముందు

మనలో చాలామంది సీఈసీయో హెచ్‌ఈసీయో చదివి లాకు వచ్చినవాళ్లం. లెక్కలంటే పదో తరగతితో వదిలించుకున్న పీడ అనుకుంటాం. ఆ భయం పోకుండా పైథాన్ మొదలుపెడితే నెల రోజులు ఉత్సాహంగా ఉంటుంది, తర్వాత ఎక్కడో అర్థం కాక ఆగిపోతుంది. తెలుగు అకాడమీ ఇంటర్ గణితం పుస్తకాలు పాతవైనా సరే సంపాదించండి. మాత్రికలు, సంభావ్యత పాఠాలు తెలుగులోనే చదివి, లెక్కలు చేత్తో చేయండి. మూడు నెలలు పట్టినా పట్టనివ్వండి.

మాత్రికలు మనవి కావని అనుకునేవాళ్లకు ఆర్థర్ కేలీ సంగతి చెబుతాను. 1849లో లండన్‌లో లాయరుగా నమోదై పద్నాలుగేళ్లు ప్రాక్టీసు చేశాడు. ఆస్తి బదలాయింపు దస్తావేజులు రాయడం ఆయన వృత్తి. మన సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు జరిగే పనికి దగ్గరి చుట్టం. పగలు దస్తావేజులు రాస్తూనే ఆ కాలంలో రెండు వందలకు పైగా గణిత పత్రాలు రాశాడు. మాత్రికల సిద్ధాంతం మీద ఆయన ప్రసిద్ధ పత్రం 1858లో, లాయరుగా ఉన్నప్పుడే వచ్చింది. ఈ రోజు ఏ భాషా నమూనా మీకు జవాబిచ్చినా లోపల జరిగే పని ఎక్కువగా మాత్రికల గుణకారమే. 1863లో కేంబ్రిడ్జిలో ప్రొఫెసరు పదవి వస్తే, లాయరుగా వచ్చేదానికన్నా తక్కువ జీతానికి వెళ్లాడు. మాత్రికల మీద ఆ పెద్ద పని మాత్రం కోటు మీద ఉండగానే చేశాడు.

సంభావ్యత దగ్గర మన తెలుగు శాస్త్రవేత్త సి.ఆర్. రావును తలచుకోండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1945లో పాతికేళ్ల వయసులో రాసిన పత్రంలో, ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికీ ఒక హద్దు ఉందని నిరూపించారు. సాక్ష్యానికి హద్దుంటుందని రోజూ వాదించే మనకు అది కొత్త మాటేమీ కాదు.

3. హైదరాబాదు పోకండి

పాఠం ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఊరికే వస్తోంది. ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం. ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన డేటా సైన్సు డిగ్రీకి జేఈఈ ర్యాంకు అవసరం లేదు, దాని సొంత అర్హత పరీక్ష పాసైతే చాలు. ఇంటి నుంచి చదివి, పరీక్షకు మాత్రం కేంద్రానికి వెళ్లి రావచ్చు. పాఠం ఇంటికి వస్తుంది గానీ డేటా ఎక్కడ పుడుతుందో అక్కడే అర్థమవుతుంది.

జమ్మలమడుగు వైపు ఒక పొలం దావా తీసుకోండి. అడంగల్లో ఫసలీ 1434 అని ఉంటుంది. అది 2024 జూలై నుంచి 2025 జూన్ దాకా అని కంప్యూటరుకు ఎవరు చెబుతారు? మన జిల్లా పేరు ఇంగ్లీషు కాగితాల్లో ఒకప్పుడు కడ్డపా, తర్వాత కడప, 2010 నుంచి వైఎస్సార్, 2025 నుంచి వైఎస్సార్ కడప. తెలియని వాడు వీటిని నాలుగు జిల్లాలుగా లెక్కేస్తాడు. హైకోర్టు తీర్పులు 2019 జనవరి 1కి ముందు హైదరాబాదువి, ఆ తర్వాత అమరావతివి. మోసం కేసుకు సెక్షను 420 అని దేశమంతటికీ తెలుసు. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరమైతే అది భారతీయ న్యాయ సంహితలో 318. ఈ సంగతి తెలియని యంత్రం లెక్క తీస్తే, కడపలో మోసాలు ఉన్నట్టుండి తగ్గిపోయాయని చెబుతుంది. మీరు ఒక్క చూపులో అది తప్పంటారు. ఆ చూపే మీ పెట్టుబడి.

కోడు రాసే చేయి కావాలంటే అదీ దగ్గరే ఉంది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజినీరింగు కాలేజీ ఉంది, పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. అక్కడ కోడు రాయగలిగి, చేయడానికి అసలైన సమస్య దొరకని పిల్లలున్నారు. ఒకరిని స్నేహం చేసుకోండి. మీరు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు) చదవడం నేర్పండి, వాళ్లు డేటాబేసును ప్రశ్నలడిగే ఎస్‌క్యూఎల్ నేర్పుతారు. నేను ఫీజు కట్టి నేర్చుకున్నదానికన్నా ఇలా నేర్చుకున్నది ఎక్కువ.

4. యంత్రాన్ని మెచ్చుకోకండి, క్రాస్ చేయండి

కొత్తగా చేరినవాళ్లంతా నమూనాను చూసి ముచ్చటపడతారు. మీరు దాన్ని బోనెక్కించండి. 2023లో న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థ మీద వేసిన కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను సరిచూడకుండా దాఖలు చేశారు. అలాంటి తీర్పులే లేవు. కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. 2025 జూలైలో కేరళ హైకోర్టు జిల్లా కోర్టులకు ఒక విధానం ఇచ్చింది: తీర్పు చెప్పడానికి, నిర్ణయం తీసుకోవడానికి ఏఐని వాడకూడదని.

ఎవరైనా "మా నమూనా నూటికి తొంభై అయిదు సరిగ్గా చెబుతుంది" అంటే మొదటి ప్రశ్న మీదే కావాలి. నూరు పిటిషన్లలో తొంభై అయిదు కొట్టివేతకే పోయే చోట, కళ్లు మూసుకుని ప్రతిదానికీ "కొట్టివేత" అన్నా తొంభై అయిదు వస్తాయి. ఆ మిగతా అయిదింటి సంగతేమిటని అడగండి. దోషిని వదిలేయడం ఒక తప్పు, నిర్దోషిని శిక్షించడం ఇంకో తప్పు, రెండింటి బరువూ ఒకటి కాదు. గణాంకశాస్త్రం దీనికి వేరే పేర్లు పెట్టింది. లాయరుకు మాత్రం ఇది మొదటి ఏడాదే ఒంటబట్టే పాఠం.

5. సన్నదు పారేయకండి, దాచీ పెట్టకండి

జీతం మీద పూర్తికాల ఉద్యోగం వస్తే, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 49వ నియమం ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిలుకు ఆ సంగతి తెలిపి ప్రాక్టీసు ఆపాలి. "ఎవరికి తెలుస్తుందిలే" అనే సలహా మీకు చాలామంది ఇస్తారు. వినకండి. రేపు మీరు కోర్టుల కోసం ఏదైనా తయారుచేస్తే, మీ మాటకు విలువ మీ నిజాయితీ వల్లే వస్తుంది. ఆ రోజు వచ్చేదాకా ప్రాక్టీసు మానకండి. ఉదయం కోర్టు, రాత్రి రెండు గంటలు చదువు. ఏడాదిలో కావాల్సింది మూడేళ్లు పడుతుంది. పట్టనివ్వండి. అప్పు మాత్రం చేయకండి. వడ్డీ కట్టాల్సిన తేదీ దగ్గరపడితే ఏ ఉద్యోగం దొరికితే అందులో దూరతాం. నాకు జరిగింది అదే.

ఇంత నెమ్మదిగా ఎందుకంటే, మీ కోసం ఎదురుచూసేవి కంపెనీలు మాత్రమే కావు, కోర్టులు కూడా. ఈ-కోర్ట్స్ మూడో దశకు 2023లో కేంద్రం 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అందులో 53.57 కోట్లు ఏఐ లాంటి కొత్త సాంకేతికతకు. ఆ పనిలో కూర్చునేవాళ్లలో వాయిదా అంటే ఏమిటో ఒంటితో తెలిసినవాళ్లు ఎందరుంటారు? గండికోట జలాశయం కింద ఊరు మునిగిన రైతు, చీనీ తోటకు బోరు తగాదాలో పడ్డ పులివెందుల రైతు బస్సెక్కి వచ్చి, "పిలుపు కాలేదు, వచ్చే నెల రాపో" అనిపించుకుని వెనక్కి పోవడం మీరు చూశారు. ఆ రైతుకు ముందు రోజే తన కేసు సంగతి తెలుగులో తెలియాలంటే, ఆ ముఖాన్ని చూసినవాళ్లే అలాంటి వ్యవస్థను కట్టాలి.

కాబట్టి సోమవారం కోర్టు ముగిశాక ఇంటికి పోకండి. గుమాస్తాను స్టూలు అడిగి, బీరువా మీంచి ఒక కట్ట దించి, దుమ్ము దులిపి, మొదటి గడిలో చెక్కు తేదీ రాయండి.