దేవ్‌బలోదా దారి

నేను అట్లాస్ సైకిల్ని. 1951లో సోనీపత్‌లో మొదలైన కంపెనీ మాది. నల్ల ఎనామిలు రంగు, దాని మీద సన్నటి బంగారు గీతలు, రాడ్డు బ్రేకులు, ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు. ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక చక్రానికి 40. తొక్కే మనిషి బరువు ఎక్కువగా వెనకే పడుతుంది కదా! క్యారియరు మీద బియ్యం మూటో, ఇల్లాలో, పిల్లాడో ఎక్కితే ఇంకా పెరుగుతుంది. 1960ల మొదట్లో మా ఆసామి నన్ను దుర్గ్‌లో కొన్నాడు. భిలాయ్ దాకా తొక్కకుండా నడిపించుకుంటూనే తెచ్చాడు. బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాకే సీటెక్కాలని ఆయన పట్టు.

ఆయనది శ్రీకాకుళం జిల్లా, నరసన్నపేట వైపు ఒక పల్లె. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరి, ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు తీసే కర్మాగారం ఇక్కడ కడతారనగానే, విజయనగరం నుంచి రాయపూర్ వచ్చే రైలెక్కి మన ఉత్తరాంధ్ర జనం తరలి వచ్చారు. ముందు మట్టి పని, కాంక్రీటు పని. తరవాత ఖలాసీలు, ఫిట్టర్లు, క్రేను ఆపరేటర్లు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ రోజు జనంలో నిలబడి చూశానని మా ఆసామి ఎన్నిసార్లు చెప్పేవాడో! ఆ ఫర్నేసు దగ్గరే ఖలాసీగా చేరాడు, ఫిట్టరుగా దిగాడు.

పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి షిఫ్టు మారేది. ఆ వేళల్లో మెయిన్ గేటు దగ్గర నాలాంటివి వేలల్లో ఉండేవి. హ్యాండిళ్ళు ఒకదానికొకటి తగిలేవి, బెల్లులు ఆగకుండా మోగేవి. హిందీ, ఒరియా, బెంగాలీ, పంజాబీ, మలయాళం మధ్యలోంచి "ఏటిరా మావా, సీ షిఫ్టా?" అని ఒక కేక, "ఔన్రా బావా" అని దానికో జవాబు. షిఫ్టు అయ్యేదాకా స్టాండులో నిలబడితే మడ్‌గార్డు మీద ఎర్రటి పొడి పేరుకునేది. దల్లీ రాజహరా గనుల ఇనుప ఖనిజం రంగు అది. రాత్రి షిఫ్టు దిగి వస్తుంటే, స్లాగు పారబోసినప్పుడల్లా ఆకాశంలో ఒక మూల నారింజ రంగుకి తిరిగేది. దేశమంతా రైళ్ళు నడిచే పట్టాలు పుట్టిన చోట నేనూ ఉన్నానని నాకు ఇప్పటికీ గర్వమే.

కానీ నేను చెప్పాలని కూర్చున్నది ఫ్యాక్టరీ దారి గురించి కాదు, వీక్లీ ఆఫ్ నాటి దారి గురించి.

సెలవు రోజున మిగతావాళ్ళు సివిక్ సెంటర్‌కో, సినిమాకో పోయేవాళ్ళు. మా ఆసామి మాత్రం తెల్లారకముందే లేచి నా చైనుకి నూనె వేసేవాడు. టైర్లు బొటనవేలితో నొక్కి చూసేవాడు, పంటలాం అంచుకి క్లిప్పు పెట్టుకునేవాడు. సెక్టార్ 5లో మనవాళ్ళు కట్టుకున్న బాలాజీ గుడి ముందు ఒక్క క్షణం కాలు కింద పెట్టి దండం పెట్టుకునేవాడు. సెక్టార్ 6లోకి వస్తే మసీదు, గురుద్వారా, చర్చి అన్నీ ఒక్క తొక్కుడు దూరంలోనే. పొద్దున్నే ఒక చోట అజాన్, ఇంకో చోట కీర్తన, ఆదివారమైతే చర్చి గంట. దేశం నలుమూలల నుంచి వచ్చిన కూలీలు కడుపు నిండగానే చేసిన మొదటి పని తమ దేవుళ్ళను తెచ్చుకోవడం. ఆ గుళ్ళన్నీ దాదాపు నా వయసువే. మా ఆసామికి ఇంకా పాతది కావాలి. "ఈ ఊరికి మనం రాకముందు ఇక్కడ ఎవులున్నారో చూడాల" అనేవాడు.

ఒకసారి నా పెడల్ చక్రం నడుమ ఇరుసు దగ్గర ప్రతి తిప్పుడికీ "టక్" మని చప్పుడు మొదలైంది. ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు. నాలాంటి సైకిళ్ళలో పెడలు కడ్డీని ఇరుసుకి పట్టి ఉంచేది కాటర్ పిన్ను. చిన్న ఉక్కు ముక్క. ఒక వైపు ఏటవాలుగా అరగదీసి ఉంటుంది. దాన్ని సుత్తితో కొట్టి బిగిస్తారు, అవతలి కొసకి నట్టు వేస్తారు. ఆ ఏటవాలు ముఖం కాస్త అరిగితే చాలు, తొక్కినప్పుడల్లా కడ్డీ వెంట్రుకవాసి జారి టక్కుమంటుంది. మామూలుగా అయితే దాంతోనే నెలలు నెట్టుకొస్తారు. మా ఆసామి ఊరుకోలేదు. పవర్‌హౌస్ బజారులో మేస్త్రీ దగ్గర కూర్చుని కొత్త పిన్ను తానే ఆకురాయితో రాసి, నప్పిందో లేదో వెలుతురుకి పట్టి చూసి, దిగ్గొట్టించాడు. "పల్లెదారిలో పిట్ట అరిస్తే ఇనపడాల గానీ, నువ్వెందుకు అరవాల?" అని నా సీటు తట్టాడు. దిగువలో పెడలు ఆపితే ఫ్రీవీలు కిర్రుమనే ఆ సన్నటి చప్పుడొక్కటీ ఉంచుకున్నాను. అది ఆయనకీ ఇష్టమే.

ఆ పిన్ను మార్చిన వారమే మేం పాత శివాలయం ఉన్న దేవ్‌బలోదా అనే ఊరు వెళ్ళాం.

జీఈ రోడ్డు మీద లారీల పక్కన భయంభయంగా భిలాయ్-3 దాకా వెళ్ళి, చరోదా దగ్గర ఊరి దారిలోకి మళ్ళాం. చరోదా రైల్వే యార్డులో మన తెలుగువాళ్ళు బోలెడుమంది. పలకరింపులకే అరగంట పట్టింది. ఆ తరవాత అంతా నిశ్శబ్దం. రెండు వైపులా వరి మళ్ళు. ఛత్తీస్‌గఢ్‌ని వరి గిన్నె అని ఊరికే అనరు. గట్ల మీద తుమ్మచెట్లు, చెరువులో గేదెలు, చెరువుగట్టు మీద రావిచెట్టు. ఎదురొచ్చిన ముసలాయన "జై జోహార్" అన్నాడు. మా ఆసామి బెల్లు కొట్టి బదులిచ్చాడు. బస్సులో పోయేవాడికి ఆ పలకరింపు అందదు, మోటారుసైకిలు మీద పోయేవాడికి వినపడదు. నా వేగం మనిషి ముఖం పోల్చుకోగలిగిన వేగం. ఇంతకన్నా నాకు గొప్ప ఏముంది?

గుడి ఊళ్ళోనే ఉంది. కలచూరి రాజుల కాలం నాటిది, 13వ శతాబ్దపు శివాలయం. ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. తూర్పు ముఖం. శిఖరం పైభాగం లేదు. అందుకని దూరం నుంచి గుడి మొండిగా కనపడుతుంది. దగ్గరికెళ్తే ఆ లోటు గుర్తుకే రాదు. బయటి గోడ కింది వరసలో ఏనుగుల బారు. మంటపం స్తంభాల మీద నాట్యం చేసేవాళ్ళు, వాయిద్యాలు వాయించేవాళ్ళు, దేవతలు. గర్భగుడిలోకి మెట్లు దిగాలి. లింగం మంటపం కన్నా కింద, చల్లటి చీకట్లో ఉంటుంది. పక్కనే మెట్ల కోనేరు. నన్ను కోనేటి గోడకి ఆనించి మా ఆసామి గోడ చుట్టూ తిరిగాడు. ఫర్నేసు దగ్గర బోల్టులు బిగించి గరుకెక్కిన చేతిని ఒక ఏనుగుకి దూరంగా గాలిలోనే పట్టి, తొండం నుంచి తోక దాకా గీసి చూశాడు. "మా ముఖలింగం గుర్తొస్తంది" అన్నాడు. వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో మధుకేశ్వరుడి గుడి ఉంది. చిన్నప్పుడు శివరాత్రికి తండ్రి భుజాల మీద కూర్చుని వెళ్ళిన గుడి అది. ఇక్కడా శివరాత్రికే జాతర!

ఊరివాళ్ళు చెప్పిన కథ ఇంకో ముచ్చట. ఆరు నెలల పొడుగున ఒకే రాత్రి నడిచిందట, ఆ రాత్రిలో శిల్పి ఈ గుడి కట్టాడట. ఒంటి మీద బట్ట ఉందో లేదో తెలియనంతగా పనిలో మునిగాడట. రోజూ భార్య తిండి తెచ్చేది. ఒకనాడు ఆమెకు బదులు అతని చెల్లెలు వచ్చింది. ఆమెను చూసి సిగ్గుతో పైనుంచి కోనేట్లోకి దూకేశాడట. లోపలున్న సొరంగం పట్టుకుని ఎక్కడో రాయపూర్ అవతల ఆరంగ్‌లో తేలాడట. శిఖరం ఆగిపోయింది అందుకేనంటారు. మా ఆసామి ఈ కథని నమ్మాడా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. పని చేతిలో ఉన్నప్పుడు ఒళ్ళు మరిచేవాడెలా ఉంటాడో ఆయనకి తెలుసు. తిరుగుదారిలో ఆ శిల్పి గురించే తనలో తాను మాట్లాడుకున్నాడు.

తరవాత ఎన్ని దారులో. శివనాథ్ నది వంతెన దాటి జైనుల నాగ్‌పురా. తాండులా కాలవ గట్లు. చెరువుల ఊరు ధమ్ధా. పండవానీ గాయని తీజన్ బాయి పుట్టిన గనియారీ. భిలాయ్ ఉక్కు కర్మాగారంలోనే ఉద్యోగం చేసిన ఆమె పండవానీ, అంటే పాండవుల కథాగానం, ఒకసారి టౌన్‌షిప్‌లో విన్నాడాయన. తంబూరాని గదలా ఎత్తి ఆమె భీముడైపోతుంటే, మా ఆసామికి తమ ఊరి బుర్రకథ జట్టు గుర్తొచ్చిందట. 2019లో ఆమెకి పద్మవిభూషణ్ వచ్చినప్పుడు సొంత ఆడపడుచుకి వచ్చినట్టు మురిసిపోయాడు. "పని సేసిన ఊరు వేరు, తిరిగిన ఊరు వేరు. తిరిగితేనే మనదవుద్ది" అని కొడుకుతో అనేవాడు. ఆ మాట నిజమని నా చక్రాలు సాక్ష్యం. ఆయన ఈ నేలకి బతుకుతెరువు కోసం వచ్చాడు, తొక్కి తొక్కి ఈ నేలవాడయ్యాడు.

కొడుకు స్కూటరు కొన్నాడు, ఆ తరవాత కారు. నేను వరండాలో ఉండిపోయాను. నన్ను మళ్ళీ బయటికి తీసింది మనవరాలు. "తాతా, దీన్ని నేను తీసుకుంటా" అంది. ఆయన ఒక్క మాటా అడక్కుండా నూనె డబ్బా తెచ్చిచ్చాడు. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, సాహిబాబాద్‌లోని అట్లాస్ కర్మాగారంలో పని ఆగిపోయిందన్న వార్త ఆ పిల్లే చదివి వినిపించింది. నాకు కొత్త తమ్ముళ్ళు అక్కడి నుంచి ఇక రారు. ఆ సాయంత్రం ఆమె నన్ను కడిగి, తుడిచి, స్పోకులు ఒక్కొక్కటీ వేలితో మీటి బిగువు చూసింది.

ఫ్రాన్సులో ఇలాంటి దారుల సంగతి కూడా ఆ పిల్ల చెబితేనే తెలిసింది నాకు. అక్కడ పల్లె దారుల్లో సైకిలు మీద ఊరూరా పాత చర్చిలు చూసుకుంటూ తిరగడం ఒక పెద్ద ఇష్టమట. నైరుతి మూల గాస్కొనీలో లబాస్తీద్ దర్మాన్యాక్ అనే పల్లె దగ్గర ఒక పాత ప్రార్థనాలయాన్ని జోసెఫ్ మాసీ అనే ఫాదరీ సైకిలు తొక్కేవాళ్ళ మాతకు అంకితం చేయించాడు. ఇటలీలో అప్పటికే ఉన్న గిసాలో మాత చర్చిని చూసి ఆయనకి ఆ ఆలోచన వచ్చిందట. లబాస్తీద్ ప్రార్థనాలయంలో పందెగాళ్ళ జెర్సీలు వేలాడదీసి ఉంటాయి. 1989లో టూర్ ద ఫ్రాన్స్ ఒక అంచె అక్కడి నుంచే బయలుదేరింది. ఆ ప్రార్థనాలయం సైకిళ్ళ గుడి అయింది 1959లో. మా ఫర్నేసు వెలిగిన ఏడే! ఈ మాట వినగానే ముసలాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "మరి మన దేవ్‌బలోదా?" అన్నాడు. "మనకి ఎవులూ అంకితం ఇవ్వక్కర్లేదు తాతా, మనవే కదా" అంది మనవరాలు. మర్నాడే నన్ను అక్కడికి తీసుకెళ్ళి, కోనేటి పక్కన నా ఫోటో తీసి ఆయనకి చూపించింది.

ఆయన పోయారు. నేను నడుస్తూనే ఉన్నాను. వెనక రిమ్ము మార్చారు, బ్రేకు రబ్బర్లు మార్చారు, సీటు తోలు కుట్టించారు. కాటర్ పిన్నులు మాత్రం ఇప్పుడు దొరకడం కష్టమవుతోంది.

భిలాయ్‌లో, దుర్గ్‌లో, చరోదాలో ఉంటున్న మన పిల్లలకు ఒక మాట. మీ ఇళ్ళలో వరండాలోనో, మెట్ల కిందో నాలాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని పాత ఇనుము కింద అమ్మకండి. గాలి కొట్టించండి, చైనుకి నూనె వేయండి. ఆదివారం ఆరింటికల్లా దేవ్‌బలోదాకి బయలుదేరితే జీఈ రోడ్డు మీద లారీలు ఇంకా పెరగవు, చరోదా దగ్గర మళ్ళాక బెదురు లేదు. నీళ్ళ సీసా, పంపు, పంచరు సామాను వెంట ఉంచుకోండి. గుళ్ళో బొమ్మల మీద చెయ్యి వేయకండి. ఎదురొచ్చిన పెద్దవాళ్ళకి ముందు మీరే "జై జోహార్" చెప్పండి.