పుట్టగొడుగుకు కావాల్సింది గాలి

మా రోజుల్లో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచాలంటే తాటాకు పాక వేసేవాళ్లం. చుట్టూ గోనెపట్టాలు కట్టి, ఆరకుండా నీళ్లు చల్లుతూ ఉండేవాళ్లం. కింద చల్లగాలి రావడానికో సందు, పైన చూరు దగ్గర వేడిగాలి పోవడానికో సందు, రెండింటికీ దోమతెర. ఎండలు ముదిరితే పాల పుట్టగొడుగులకు మారేవాళ్లం. అవి 30 డిగ్రీలు దాటినా తట్టుకుంటాయి.

ఇప్పుడు ఇంట్లో ఓ గది ఖాళీగా ఉంటే చాలు. కిటికీలన్నీ థర్మాకోల్‌తో బిగించేసి, ఏసీ పెట్టి, ఎగ్జాస్ట్ ఫ్యానుకు కార్బన్ ఫిల్టర్ తగిలిస్తున్నారు. ఎందుకురా అంటే, "కార్బన్ డయాక్సైడ్‌ని లాగేస్తుందంట బాబాయ్" అన్నాడు మా వీధి కుర్రాడు. అమ్మినవాడు అలా చెప్పాడట! నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఫిల్టర్‌లో ఉండే బొగ్గు పట్టేది వాసనని. కార్బన్ డయాక్సైడ్ దాదాపు ఉన్నదున్నట్టే బయటికొచ్చేస్తుంది. పైగా ఈ పంటకు గదిలో తేమ 85, 90 శాతం ఉండాలి. అంత తేమలో బొగ్గులోని సన్నని రంధ్రాలు నీళ్లతోనే నిండిపోతాయి, వాసన పట్టే శక్తీ సన్నగిల్లుతుంది. మూసిన గదిలో గంజాయి పెంచే దేశాల్లో వాసన బయటికి పోకుండా వాడే సరంజామా అది. పుట్టగొడుగులు పెంచే వరిగడ్డి సంచులకు దాంతో ఏం పని?

వాడి గదిలో ఓ గుత్తి కోసి చూశాను. కాడ వేలంత పొడుగు సాగింది, గొడుగు చొక్కా బొత్తామంత ఉంది. గాలాడక కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయిన గదిలో కాపు ఇలాగే వస్తుంది. పుట్టగొడుగులు ప్రాణవాయువు పీల్చి దాన్నే వదులుతాయి. బయటి గాలిలో అది 420 పీపీఎం దరిదాపుల్లో ఉంటుంది. కాపు దశలో గదిలో వెయ్యి దాటకుండా చూసుకోవాలి. దాన్ని బయటికి తోసి కొత్తగాలి రానివ్వడం తప్ప దారి లేదు.

ఫ్యాను కొనేముందు లెక్క వేసే ఓపిక కూడా ఎవరికీ లేదు. గది 20 అడుగుల పొడవు, 10 వెడల్పు, 8 ఎత్తు అనుకుందాం. అంటే 1600 ఘనపుటడుగులు. గంటకు ఆరుసార్లు గాలి మారాలంటే నిమిషానికి 160 ఘనపుటడుగులు, అదే 160 సీఎఫ్ఎం. డబ్బా మీద వేసే అంకె మాత్రం ఎదురు ఏ అడ్డూ లేనప్పటిది. గొట్టం, దాని వంపులు, ఫిల్టర్ ఒక్కోటీ కొంత మింగేస్తాయి. రెక్కల ఫ్యానయితే ఆ ఒత్తిడికి చతికిలబడుతుంది. గొట్టం తప్పనిసరైతే బ్లోయర్ రకం తీసుకోవాలి.

అన్నిటికన్నా నన్ను బాధించేది, గాలి లోపలికొచ్చే దారే పెట్టకపోవడం. ఫ్యాను వేసి తలుపు సందు దగ్గర అగరువత్తి పట్టుకుంటే పొగ లోపలికి దూసుకుపోయింది. పాపం ఆ గదికి ఊపిరాడేది ఆ ఒక్క సందులోంచే! బయటికి పోయే కన్నం కన్నా లోపలికొచ్చేది పెద్దగా ఉండాలి. దానికి సన్నటి వల కట్టి, వారానికోసారి దుమ్ము దులపాలి. ఈగలు లోపలికొస్తే ఆకుపచ్చ బూజును సంచినుంచి సంచికి మోస్తాయి.

ఆ ఫిల్టర్ తిరిగిచ్చేసి, వచ్చిన డబ్బుతో కార్బన్ డయాక్సైడ్ మీటరు కొనుక్కోమన్నాను. కోత కోసేవాళ్లకు మంచి మాస్కులు కూడా కొనమన్నాను. ముత్యపు చిప్ప రాల్చే సిద్ధబీజాల ధూళి రోజూ పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.